నీళ్ళ బావ

మా బావ ఏ సామానైనా ముందు దుప్పటి మీద పరిచేవాడు. మరలు, పైపులు, ఫ్యాన్లు, అట్టపెట్టెలోంచి తీసిన రేడియేటరు, అన్నీ వరసగా, ఒకదాని అంచు ఇంకొకదానికి తగలకుండా సర్దేవాడు. పరిచాక కాస్త వెనక్కి జరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "సూడండి, తొందరేటి నేదు. కొనకపోయినా పర్లేదు" అనేవాడు. కొనడానికి అక్కడ ఎవరూ ఉండరు. అది మా మేడ మీది వసారా, ఆ సామాను ఆయన సొంతం. విజయనగరంలో ఒక బట్టల కొట్టులో మీసాలు రాకముందు చీరలు పరచడానికి కూర్చున్న మనిషి, మీసాలు నెరిసేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆ మాట నోటిని వదల్లేదు, ఆ పని చేతిని వదల్లేదు.

ఆయన మా అక్క భర్త. మొన్న ఎండలు ముదరకముందే పోయాడు. మధ్యాహ్నం కొట్లోనే, భోజనం చేసి గోడకి ఆనుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. పెద్దకార్యం నాడు భోజనాల దగ్గర మా అమ్మ ఆయన కథ ఎత్తుకుంది. "బంగారంలాటి అల్లుడు. ఎదురు మాటన్నది ఎరగడు. ఒక్కటే, కంప్యూటర్లో నీళ్ళు పోసీసి దీని బతుకు మీదకి తెచ్చీసేడు, ఓలమ్మా" అని నన్ను చూపించి నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వడ్డించేవాళ్ళు కూడా ఆగి నవ్వారు. మా చుట్టాల్లో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. అక్క తల వంచుకుని తనూ నవ్వింది. ఆ నవ్వులో సిగ్గుంది. మొగుడు చేసిన నష్టానికి చెల్లెలి ముందు ఇన్నేళ్ళూ మోసిన సిగ్గు అది.

కంప్యూటరు పాడైంది ఆయన వల్ల కాదు. ఆ సంగతి ఆ పంక్తిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. విస్తట్లో గారె విరిచి నోట్లో పెట్టుకుని, నేను కూడా నవ్వాను.

రాజాంలో మా మేడ మీది గదిలో నేను పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేస్తాను. పాలకొండ, చీపురుపల్లి వైపు ఫోటోగ్రాఫర్లు మెమరీ కార్డులు తెచ్చి ఇస్తారు. జీలకర్ర బెల్లం దగ్గర మేళం పెంచి, అప్పగింతల దగ్గర పాట తగ్గించి, అలిగిన పెదనాన్నలు ఎక్కడ కనిపించినా కత్తిరించి ఇస్తాను. మా ఆయనది కాలేజీలో చిన్న ఉద్యోగం. ఇల్లు నడిచేది చాలావరకు ఆ కంప్యూటరు మీదే. పెళ్ళిళ్ళా, వేసవిలోనే వస్తాయి. గది మీద రేకులు. మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటరు లోపలి ఫ్యాన్లు అరిచి అరిచి, వీడియో సగం తయారయ్యాక ఠక్కున ఆగిపోయేది. మళ్ళీ మొదటి నుంచి. దాని పక్క మూత ఊడదీసి, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానికి పెట్టి, నేను మాత్రం చెమటలో నానుతూ కూర్చునేదాన్ని. నాకసలే ముక్కు మీద కోపం. ఆ రోజుల్లో నాతో మాట్లాడాలంటే ఇంట్లో అందరూ గుమ్మం దగ్గరే ఆగేవారు.

ఇంట్లో అమ్మ కూడా ఉంటుంది. నాన్న పోయాక పొలం కౌలుకిచ్చి నా దగ్గరికి వచ్చేసింది. మేమిద్దరం ఆడపిల్లలమే. అక్కావాళ్ళది విజయనగరంలో ఒంటి గది వాటా. కూతురింట్లో ఉంటున్నానన్న బెరుకు అమ్మకి ఇప్పటికీ పోలేదు. కూర రెండోసారి వేసుకోదు. ఫ్యాను వేసుకోవడానికి కూడా, "ఏసుకోనేటే?" అని అడుగుతుంది. ఒకసారి చేతిలోంచి గాజు గ్లాసు జారి పగిలితే, మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. "ఎక్కడికమ్మా?" అంటే చెప్పడానికి ఊరు లేదు. మా ఆయన వెళ్ళి సంచి లాక్కుని లోపల పెట్టాడు. బావకి ఆ సంగతి తెలుసు.

కంప్యూటరుని నీళ్ళతో చల్లార్చే పిచ్చిలో బావ ఎలా పడ్డాడో నాకు సరిగ్గా తెలియదు. కొట్లో బేరాలు లేని మధ్యాహ్నాలు ఫోనులో ఎవరో దొరలు కంప్యూటర్లు బిగించే వీడియోలు చూసేవాడట, శబ్దం తీసేసి. "ఆళ్ళ ఇంగ్లీషు నాకెందుకే మరదలా, సేతులు సూత్తే సాలు" అనేవాడు. మొదటిసారి చేపల తొట్టిలో పెట్టే చిన్న మోటారు తెచ్చి, అక్క స్నానాల బకెట్టులో ముంచి, పైపులు కిటికీలోంచి బయటికి లాగి ఏదో చేశాడు. అక్క బకెట్టు కోసం పెట్టిన గోల వీధి చివరిదాకా వినిపించింది. తరవాత తరవాత ఒక్కొక్క సామానూ తెప్పించుకుని, అద్దం తలుపు ఉన్న పెట్టెలో సొంతంగా ఒకటి బిగించాడు. లోపల నీలం వెలుగు, సన్నగా నీళ్ళ చప్పుడు. చూడటానికి ముచ్చటగానే ఉండేది.

"దీంతో ఏం చేస్తావు బావా?" అని అడిగాను.

"సల్లగా ఉన్నాదో నేదో సూత్తాను."

నిజంగా అంతే చేసేవాడు. కొట్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, దాని ముందు కూర్చుని, అరచెయ్యి తిప్పి వెనకవైపు దాని ఒంటికి ఆనించేవాడు. పిల్లలకి జ్వరం చూసినట్టు. చూసి, "బాగానే ఉన్నాది" అని తనకి తనే చెప్పుకుని అన్నానికి లేచేవాడు.

నా గదిలో కంప్యూటరు ఆగిపోతోందని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకి నిద్ర లేదు. "ఎండన పడి సుట్టమొస్తే ఏటి సేత్తావు? ముందు గాలి ఇసురుతావా, మంచినీళ్ళిత్తావా?" అని అడిగేవాడు. "ఇదీ అంతే. దాని మెదడు మీద ఈ రాగి బిళ్ళ కూకుంటాది. నీళ్ళు దీంట్లోకి ఒచ్చి, యేడి ఎత్తుకుని, ఈ రేడియేటర్లోకి ఎల్తాయి. ఫ్యాను గాలికి సల్లారి మళ్ళీ ఎనక్కొత్తాయి. అవే నీళ్ళు, అలగే తిరుగుతుంటాయి. మళ్ళీ మళ్ళీ పొయ్యక్కర్నేదు." నాకు భయమే. కరెంటు వస్తువులో నీళ్ళు పోయడం ఏమిటని మా ఆయన మొహం చిట్లించాడు. కానీ ఆ వేసవి నన్ను అన్నిటికీ ఒప్పుకునే స్థితికి తెచ్చింది.

ఒక శుక్రవారం కొట్టుకి సెలవు పెట్టి, రెండు సంచులతో బస్సు దిగాడు. వసారాలో దుప్పటి పరిచాడు. అమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి, చీర అంచు చూపించినట్టు వేళ్ళ మీద తిప్పి చూపించాడు.

"ఇదేటి బాబూ?" అంది అమ్మ, నల్లగా గుప్పెడంత ఉన్నదాన్ని చూసి.

"మోటారత్తా. నీళ్ళు తోడతాది."

"ఓర్నాయనో, మోటారా! ఎన్ని నీళ్ళు తోడతాదేటి?"

"సెంబుడు."

అమ్మ పడి పడి నవ్వింది. చెంబుడు నీళ్ళకి మోటారు పెట్టిన అల్లుడని ఆ పూటంతా మురిసిపోయింది.

బావ తొందరపడే మనిషి కాదు. పైపు కొయ్యడానికి ముందు మూడు చోట్ల పెట్టి చూసేవాడు, జాకెట్టు గుడ్డ కత్తిరించేముందు కొలిచినట్టు. నీళ్ళ తొట్టి మోటారుకి పైన ఉండాలన్నాడు, లేకపోతే మోటారు గాలి మింగి చస్తుందట. కుళాయి నీళ్ళు పనికిరావు, అడుగున ఉప్పు కట్టేస్తాయి. అందుకని బ్యాటరీ కొట్లో దొరికే నీళ్ళ డబ్బాలు తెచ్చాడు. అన్నీ బిగించాక మిగతావాటికి కరెంటు ఇవ్వకుండా మోటారుకి మాత్రమే ఇచ్చి, ఒక పగలూ రాత్రీ అలా తిరగనివ్వాలన్నాడు. ఎక్కడైనా కారితే అప్పుడే తెలుస్తుంది, కరెంటు లేదు కాబట్టి ఏదీ కాలదు. కారిందో లేదో తెలియడానికి కొట్టు నుంచి చీరల పెట్టెల్లో పెట్టే పల్చటి తెల్ల కాగితాలు తెచ్చి, చించి, ప్రతి కీలు కిందా ఒక ముక్క దోపాడు. బొట్టు పడితే కాగితం నల్లబడి చెప్పేస్తుంది. బుడగలు పోవడానికి తొట్టి మూత తీసి ఉంచి, పెట్టెని అటూ ఇటూ మెల్లగా వాల్చాడు. ఒక్కొక్క బుడగా పైకొచ్చి పగులుతుంటే, "ఎల్లిపో, ఎల్లిపో" అని సాగనంపాడు.

సాయంత్రం ఆయన టీకి కిందకి వెళ్ళాడు. నేను ఆల్బం ఇచ్చి రావడానికి వీధిలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కంప్యూటరు పెట్టెకి పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు ఉన్నాయి, అగరొత్తి వెలుగుతోంది, గడప మీద కొబ్బరి చెక్కలు రెండున్నాయి. శుక్రవారం, కొత్త వస్తువు, అమ్మ ఊరుకుంటుందా! చెక్క కొట్టుకుని బావా నేనూ చెరో ముక్కా తిన్నాం.

ఆ తరవాత కొన్ని వారాలు నేను రాణీలా పని చేశాను. మిట్టమధ్యాహ్నం రేకుల కింద కూడా కంప్యూటరు కుయ్యిమనలేదు. ఫోటోగ్రాఫర్లు వచ్చి గొట్టాల్లో నీళ్ళు తిరగడం చూసి నోళ్ళు తెరిచారు. టేబుల్ ఫ్యాను మళ్ళీ నా వైపు తిరిగింది. బావకి ఫోను చేసి చెప్పాను. "సల్లగా ఉన్నాదా" అన్నాడు.

పెళ్ళిళ్ళు జోరందుకున్నాక గొట్టంలో నీళ్ళు కాస్త మబ్బుగా కనిపించాయి. చెప్పాను. "కొత్తలో అలగే ఉంటాదేమో, ఆదివారం ఒచ్చి సూత్తాను" అన్నాడు. ఆ ఆదివారం కొట్టు వదల్లేదు. పై ఆదివారమూ వదల్లేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో చీరల సెక్షన్లో మనిషికి తల గోక్కునే తీరిక ఉండదు. ఒక మధ్యాహ్నం కంప్యూటరు పక్క నుంచి వేడి ఆవిరి కొట్టినట్టనిపించి చూసేసరికి, పైపు వేడికి మెత్తబడి కీలు దగ్గర జారిపోయింది. నీళ్ళు బోర్డు మీద పడ్డాయి. టప్‌మని ఒక చప్పుడు, కాలిన వాసన. అంతే. బోర్డు పోయింది, వీడియో కార్డు పోయింది. ఆ సీజనులో చేతిలో ఉన్న పెళ్ళిళ్ళన్నీ వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. వెళ్ళినవాళ్ళలో సగంమంది తిరిగి రాలేదు.

ఫోను చేసిన పూటే బావ వచ్చాడు, కొట్లో అడగకుండా. మళ్ళీ దుప్పటి పరిచాడు. ఈసారి "సూడండి" అనలేదు. ఒక్కొక్కటీ విప్పి రాగి బిళ్ళ దగ్గరికి వచ్చాడు. దాని లోపల దువ్వెన పళ్ళకంటే సన్నటి రాగి రేకులుంటాయి, నీళ్ళు వాటి మధ్య నుంచి పోవాలి. ఆ సందులన్నీ తెల్లటి జిగురుతో పూడుకుపోయి ఉన్నాయి. నీళ్ళు పోయే దారే లేదు. ఆయన వేలితో ఆ జిగురు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తరవాత వేలు నా వైపు చాపాడు.

పూజైన మర్నాడు వంటింట్లో చెంబులో మరిచిపోయిన కొబ్బరినీళ్ళ వాసన. ఇంకా పులిసి, ఇంకా ముదిరి. ఆ వాసన పట్టలేనివాళ్ళు మా వైపు ఎవరుంటారు? ఆ క్షణానే నాకు మా పొలం గుర్తొచ్చింది. నాన్న కొత్త మోటారు దింపినప్పుడల్లా అమ్మ కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు మోటారు నోట్లో పోసి, దండం పెట్టుకున్నాకే స్విచ్చి వేసేవారు. మా ఇంటావంటా అదే. మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక కొబ్బరినీళ్ళు తాగకుండా ఆడిన మోటారు ఏదీ లేదు. ఆ శుక్రవారం మూత తెరిచి ఉన్న తొట్టిని చూసి, మోటారన్న మాట చెవినపడ్డాక, ఆవిడ చెయ్యి ఎటు పోయి ఉంటుందో అడగక్కర్లేదు.

నేను తలెత్తాను. బావ అప్పటికే నన్ను చూస్తున్నాడు. తల అటూ ఇటూ ఆడించాడు, కొంచెమే. వద్దు అని.

అంతలో అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏటయ్యింది బాబూ? ఏటి పోయింది?"

బావ వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. "నా తప్పే అత్తా. మంచినీళ్ళు పొయ్యనేదు నాను. మరదలు ఫోను సేసినప్పుడైనా రావాల్సింది, రానేదు."

నేను అక్కడితో ఊరుకుంటే ఇవాళ ఇంత బాధ ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. పోయిన పెళ్ళిళ్ళన్నీ కళ్ళ ముందు తిరుగుతున్నాయి. అమ్మని అనలేను. ఆయనా, తప్పు నాదే అని ఎదురుగా నిలబడ్డాడు. "చేతకానప్పుడు ఊరుకోవాల బావా! చీరలు మడతపెట్టుకునేవాడికి ఇవన్నీ ఎందుకు? నా నోటికాడ కూడు తీసీసేవు" అని అరిచాను. కింద వీధిలో వాళ్ళు తలెత్తి చూసేలా అరిచాను. తప్పు ఆయనది కాదని తెలిసి అరిచాను. అమ్మ, "అల్లుడ్ని అలగంటావేటే, నోరు ముయ్యి" అని నన్ను తిట్టింది. బావ మాత్రం తలూపుతూ, మరలన్నీ ఒక్కొక్కటీ ఏరి డబ్బాలో వేసుకున్నాడు.

బస్సు దాకా నేనే వెంట వెళ్ళాను. బస్సు కాంప్లెక్సు దగ్గర నిలబడి, "అమ్మకి చెబుదాం బావా" అన్నాను.

"సెప్తే ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు అత్త. గ్లాసు పగిల్తేనే సంచి సర్దిసింది. ఇది తెలిత్తే ఉంటాదా? ఎక్కడికెల్తాది? మాది ఒంటి గది."

"మరి నీ మాటో?"

"నాదేటున్నాది. కొట్లో రూలు తెల్దేటి నీకు? పరిసినోడే మడతెట్టాల." బస్సు మెట్టు ఎక్కి వెనక్కి తిరిగాడు. "మీ అక్కకి కూడా సెప్పకు. దాని నోట్లో నువ్వుగింజ నానదు."

నేను చెప్పలేదు. ఆయన చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదని అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

మా వైపు అల్లుళ్ళ అలకలు మామూలువి కావు. మర్యాదకి పెట్టిన పంచె అంచు సన్నబడిందని మంచమెక్కి భోజనానికి లేవని అల్లుళ్ళని చూశాను. మా బావని అత్తవారి తరఫు పిల్లాజెల్లా అందరూ "నీళ్ళ బావ" అన్నారు. ఏ పెళ్ళికి వచ్చినా, "నీళ్ళ బావ ఒత్తన్నాడు, ఫోన్లు దాసీండి" అని ఒకరు, "బావా, మా మిక్సీ యేడెక్కిపోతన్నాది, ఒక సెంబుడు పోసీ" అని ఇంకొకరు. అందరికంటే ఆయనే గట్టిగా నవ్వేవాడు. పక్కన అక్క మాత్రం కొంగు సర్దుకుంటూ ఇంకోవైపు చూసేది. ఒకసారి నాతో, "నీ దగ్గరికి రావాలంటే మొకం సెల్లదే" అంది. అప్పుడైనా చెప్పొచ్చు. "పోనీలే అక్కా, అయిపోయింది కదా" అన్నాను. క్షమించేసినదానిలా అన్నాను! నాకు ఆ పెద్దరికం ఎవరిచ్చారో.

తరవాత నేను కొట్లో బిగించి అమ్మే కంప్యూటరు కొనుక్కున్నాను. అది కూడా వేడెక్కుతూనే ఉంది, వేసవిలో ఆగుతూనే ఉంది. బావ వచ్చినప్పుడల్లా ముందు పైకి వచ్చేవాడు. అరచెయ్యి తిప్పి దాని ఒంటి మీద పెట్టేవాడు. "జొరం తగ్గనేదే దీనికి" అనేవాడు. "సామానంతా కడిగి పెట్టేను మరదలా. మోటారు కొత్తది తెప్పించేను. ఈసారి మూత ఎయ్యకుండా పక్కకి కదల్ను. ఒక్క సెలవు రోజు సాలు" అనేవాడు. మాట మెల్లగా అడిగేవాడు, చీర నచ్చలేదని లేచిపోతున్న మనిషిని ఇంకొక్కటి చూడమన్నట్టు.

"వద్దు బావా" అనేదాన్ని.

అమ్మ మళ్ళీ ఏదైనా పోస్తుందేమోనన్న భయం ఒకటుంది, నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. అందరూ అనగా అనగా నేను కూడా ఆ కథని నమ్మడం మొదలుపెట్టాను. తెలిసినదాన్నే, నా ముక్కుతో వాసన చూసినదాన్నే. అయినా ఆయన చేతిలో స్క్రూడ్రైవరు చూస్తే వెళ్ళి కంప్యూటరుకి అడ్డంగా నిలబడేదాన్ని. ఆయన ఇంకేమీ కోరలేదు. తను బిగించినది ఒకటి నా గదిలో చల్లగా ఆడటం చూడాలనుకున్నాడు. ఆ ఒక్కటీ నేను ఇవ్వలేదు. ఆయన "సరేలే" అని కిందకి దిగి, అమ్మ పెట్టిన కాఫీ తాగి, "మన అత్త కాఫీ ముందు ఏ ఓటేలూ నిలవదు" అని మా ఆయనతో చెప్పి వెళ్ళేవాడు.

పోయిన వారం అక్క నా దగ్గర నాలుగు రోజులు ఉండటానికి వచ్చింది. అమ్మ ఎక్కడుంటే అదే కదా పుట్టిల్లు. వస్తూ ఒక సంచి తెచ్చింది. పట్టుచీరల కవర్లలో ఒక్కొక్క సామానూ చుట్టి ఉంది. రాగి బిళ్ళ అద్దంలా మెరుస్తోంది. రేకుల సందులన్నీ పాత టూత్‌బ్రష్షుతో తోమి తోమి శుభ్రం చేసినట్టున్నాడు. కొత్త పైపులు, కొత్త మోటారు, అడుగున తెల్ల కాగితాల కట్ట.

"ఇది నీకోసమనే ఉంచేడే. నీకు ఇష్టం నేకపోతే పాత సామాన్లోడికి ఏసీ. ఇంట్లో ఉంటే సూడ్లేకపోతన్నాను" అంది అక్క. "ఒకసారి నష్టం సేసినోడి సామాను, ముట్టుకోమని నాను అడగ్ను."

శుక్రవారం పొద్దున్న వసారాలో దుప్పటి పరిచాను. పైపులు అక్క కొలిచి పట్టుకుంది, నేను కోశాను. ఆయన చేతులు చూసిన కళ్ళు నావి, ఏది ఎక్కడ పెట్టేవాడో అలాగే పెట్టుకుంటూ పోయాను. తప్పొచ్చినచోట విప్పి మళ్ళీ బిగించాను. బ్యాటరీ నీళ్ళు పోశాం. మోటారుకి మాత్రం కరెంటు ఇచ్చాం. అక్క తెల్ల కాగితాలు చింపి కీళ్ళ కింద దోపింది. తొట్టిలో బుడగలు లేస్తున్నాయి, మూత తీసే ఉంది.

అమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అక్క చటుక్కున లేచి పక్కకి తప్పుకోబోయింది.

"ఎక్కడికే? నీ మొగుడి సామానిది. నువ్వు నేకుండా నాను బొట్టెట్టనేటి? కూకో" అంది అమ్మ. తనే పెట్టెకి బొట్టు పెట్టి కొబ్బరికాయ చేతిలోకి తీసుకుంది.

నేను తొట్టి నోటి మీద అరచెయ్యి వేశాను. "కాయ కింద గుమ్మంలో కొట్టమ్మా."

"కొట్టడం ఎక్కడైనా కొడతాను. నీళ్ళు గుటకెడు దీని నోట్లో పొయ్యాల గదా. మోటారు కాదేటి? అప్పుడూ పోసేను."

అక్క చేతిలో కాగితం ముక్క అలాగే ఆగిపోయింది. "ఎప్పుడమ్మా?"

"అదేనే, అల్లుడు ముందర బిగించినప్పుడు. టీకని కిందకి దిగేడు, అప్పుడు పోసేను. మీ నాన్న పొలం మోటారుకి పొయ్యనేదేటి? ఎన్నేళ్ళు ఆడింది అది! ఇదే పాపం, ఆడనేదు." అమ్మ నిట్టూర్చింది. "అల్లుడి మనసు మంచిదే గాని సెయ్యి మంచిది కాదు."

అక్క మెల్లగా నా వైపు తిరిగింది. నా చెయ్యి ఇంకా తొట్టి మీదే ఉంది. ఆ చెయ్యి చూసింది, తరవాత నా మొహం చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. నోరు తెరిచి ఏదో అనబోయాను. అక్క తల అటూ ఇటూ ఆడించింది, కొంచెమే. అచ్చం ఆయనలాగే.

"ఈ రకం మోటారుకి పొయ్యకూడదంటమ్మా. ఆ కొబ్బరినీళ్ళు కింద ఆయన ఫోటో కాడ పెట్టు" అంది.

"అలగేటి? మరి అప్పుడు పోసీసేనే?" అమ్మ మొహం మీద ఆ గ్లాసు పగిలిన నాటి బెదురు కనిపించింది.

"అప్పటిది వేరే రకంలే. దానికి పోస్తారు."

అమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కాయ పట్టుకుని దిగిపోయింది. కింద గుమ్మంలో కొట్టిన చప్పుడు వినిపించింది.

"కంప్యూటరు కాలిన రోజు ఆయన సొక్కా ఉతికితే పులిసిన కొబ్బరినీళ్ళ కంపు" అంది అక్క, గోడకి చెబుతున్నట్టు. "ఏటిదంటే, దారిలో బోండం తాగేను, ఒలికింది అన్నాడు. పోయినదాకా అదే మాట." "నీకెప్పుడు తెలిసింది?"

"ఆయనతో పాటే."

అక్క తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"కార్యం నాడు నవ్వేవు" అంది.

అక్క వంగి కీళ్ళ కింద తెల్ల కాగితాలన్నీ ఒక్కొక్కటీ లాగి చూసింది. ఎక్కడా తడి లేదు. మళ్ళీ ఎక్కడివక్కడ దోపింది. తరవాత అరచెయ్యి తిప్పి, వెనకవైపు పెట్టె ఒంటికి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది.

"సల్లగా ఉన్నాది" అంది, నా వైపు చూడకుండా.